ఒక చెవిలోనే పాట!

"నాన్నా, ఇయర్‌ఫోన్లు పోయాయి. కొత్తవి కొనాలి."

ఆదివారం పొద్దున్నే, ఇడ్లీలు ఇంకా పొయ్యి మీంచి దిగకముందే ఇంజినీరింగ్ చదివే పుత్రరత్నం దరఖాస్తు పెట్టేశాడు.

"మొన్న దసరాకేగా కొన్నావు?"

"ఒక చెవిలోనే వస్తోంది నాన్నా. రెండోది చచ్చిపోయింది."

తండ్రి ఏదో అనబోతుంటే వంటింట్లోంచి తల్లి వచ్చి, టీవీ బల్ల కింది సొరుగు బర్రున లాగింది. "ఇదిగో, ఇంతకుముందు చచ్చిపోయినవన్నీ ఇక్కడే ఉన్నాయి. దాన్నీ వీటి పక్కన పడుకోబెట్టు."

పాత చార్జర్లు, రిమోట్లలోంచి తీసిన బ్యాటరీలు, ఎవరిదో పెళ్లి శుభలేఖ... వాటి మధ్యలో పాయలు పాయలుగా చిక్కుపడిన ఇయర్‌ఫోన్లు. చెల్లెలి తెల్ల వైరుది ఒకటి. అమ్మ పాత ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చింది ఇంకొకటి. వైర్లే లేని ఇయర్‌బడ్స్ డబ్బా మరొకటి. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఫ్లాట్లోనే కాదు, ఇలాంటి సొరుగు లేని ఇల్లు ఈరోజుల్లో వెతికినా దొరకదు.

బాల్కనీలో పేపరు చదువుతున్న తాతయ్య కళ్లజోడు పైకి తోసుకున్నారు. "ఏదీ, ఆ సొరుగు మొత్తం ఇటు పట్రారా."

తాతయ్య ఉద్యోగమంతా టెలిఫోన్ల శాఖలో. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు ఎదురుచూసే కాలంలో టెక్నీషియన్‌గా చేరి, ఆ శాఖ బీఎస్ఎన్ఎల్‌గా మారాక పదవీ విరమణ చేశారు. అప్పట్నుంచీ ఇంట్లో ఏది పాడైనా ఆయన చెప్పేది ఒకటే మాట.

"లైను పోయిందని కంప్లయింట్ వస్తే మేం వెళ్లి ముందు ఫోను మార్చేవాళ్లం కాదు. ఫాల్టు ఎక్కడుందో పట్టుకునేవాళ్లం. ఇంట్లోనా, స్తంభం మీదా, కేబుల్లోనా, ఎక్స్ఛేంజిలోనా? అది తేలకుండా సామాను మారిస్తే సామానూ పోతుంది, ఫాల్టూ ఉంటుంది."

ఇయర్‌ఫోన్‌కీ అంతే. పాట చెవిలో పడటానికి ముందు ఫోను, దాని సాకెట్టు, పిన్ను, వైరు, బుల్లి స్పీకరు, దాని ముందుండే జాలీ, రబ్బరు టిప్పు... ఇన్ని మజిలీలు దాటి రావాలి. చివరి మజిలీ చెవి. దారిలో ఎక్కడ ఆగిపోయినా అందరూ అనే మాట మాత్రం ఒక్కటే, ఇయర్‌ఫోన్ పోయిందని!

జేబులో దూది

మనవడి నల్ల ఇయర్‌ఫోన్లతోనే పరీక్ష మొదలైంది. వాటిని అమ్మ ఫోన్‌కి తగిలించమన్నారు తాతయ్య. రెండు చెవుల్లోనూ పాట శుభ్రంగా మోగింది. కుర్రాడి మొహంలో రంగులు మారాయి. అంటే నేరం ఇయర్‌ఫోన్లది కాదు, అతగాడి ఫోన్‌దే!

టార్చి వేసి చూస్తే సాకెట్టు అడుగున నల్లగా ఏదో కనిపించింది. జీన్స్ జేబులోని నూగు. ఫోన్ జేబులో పెట్టుకునేవాళ్లందరికీ ఉండే బెడదే ఇది. నూగు కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. పిన్ను గుచ్చిన ప్రతిసారీ దాన్ని ఇంకాస్త అడుగుకి దట్టిస్తాం. కొన్నాళ్లకి పిన్ను పూర్తిగా దిగదు. దిగితే 'టక్'మని తెలియాలి, ఆ టక్కు వినిపించదు. దాంతో ఒక పక్క పాట ఆగిపోతుంది. లేదా ఇయర్‌ఫోన్ తీసేసినా ఫోన్ తెర మీద దాని గుర్తు అలాగే ఉండిపోతుంది. చార్జింగ్ పెట్టే టైప్-సి రంధ్రానికీ ఇదే జబ్బు. ఇప్పుడు చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్లు పెట్టేదీ అందులోనే కాబట్టి మరీనూ.

ఫోన్ ఆపేసి, పళ్ల సందుల్లో పెట్టుకునే చెక్కపుల్లతో గోడల వెంబడి మెల్లగా తిప్పుతూ నూగుని బయటికి లాగాలి. పొడవకూడదు, గీకకూడదు. పిన్నీసు, సూది, చెవిపోగు కొక్కెం లాంటి ఇనప సామాన్లు అసలే వద్దు. లోపల సన్నటి లోహపు పట్టీలుంటాయి. అవి వంగితే నూగు కోసం మొదలైన వ్యవహారం ఫోన్ రిపేరు దాకా పోతుంది. కొబ్బరినూనె చుక్క వేసే మహానుభావులూ ఉన్నారు. దయచేసి వద్దు.

సాకెట్టు శుభ్రంగానే ఉన్నా ఒక పక్కే వినిపిస్తుంటే ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ అనే చోట చూడాలి. కుడి, ఎడమల శబ్దాన్ని సరిచేసే చిన్న మీట బొమ్మ అక్కడ ఉంటుంది. అది నట్టనడుమ ఉండాలి. పిల్లలు ఫోన్‌తో ఆడుతూ దాన్ని ఓ మూలకి జరిపేస్తే రెండు చెవులూ, రెండు స్పీకర్లూ బాగున్నా పాట ఒక పక్కే వస్తుంది. ఈ సంగతి తెలీక మంచి ఇయర్‌ఫోన్లు పారేసినవాళ్లు ఎందరో!

కుర్రాడి ఫోన్లోంచి కందిగింజంత నల్ల ఉండ బయటికొచ్చింది. ఖర్చు, ఒక చెక్కపుల్ల. తండ్రి మొహం వెలిగింది.

ఆ పిన్నుని వేళ్ల మధ్య తిప్పుతూ తాతయ్య కాసేపు వదల్లేదు. ఆయనకది పాత చుట్టం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిల్లో ఒకరి లైను ఇంకొకరికి కలపడానికి ఆపరేటర్లు బోర్డులో గుచ్చిన పావు అంగుళం పిన్నే దీనికి తాత. ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో చిక్కి మూడున్నర మిల్లీమీటర్లకి దిగింది. 1979లో వచ్చిన సోనీ వాక్‌మన్‌తో కుర్రకారు చెవుల దాకా చేరింది. 2016లో ఐఫోన్ 7 దాన్ని వదిలించుకుంది. ఆ తర్వాత మిగతావాళ్లూ ఒక్కొక్కరే అదే బాట పట్టారు.

పోతే పోయేది మెడ దగ్గరే

తెల్ల వైరుది చెల్లెలిది. ఇంటర్ చదువుతోంది. ఏ ఫోన్‌కి పెట్టినా ఎడమ పక్క గరగరమని వచ్చి పోతోంది. తాతయ్య పాట పెట్టి, వైరుని ఓ చివర్నుంచి వేలెడేసి చొప్పున కొద్దికొద్దిగా వంచుతూ వచ్చారు. పిన్ను మెడ దగ్గరికి రాగానే ఠక్కున పాట వచ్చింది. వేలు తీస్తే పోయింది.

"దొరికాడు!"

వైరు తెగేది ఎప్పుడూ నడుమ కాదు. గట్టి ప్లాస్టిక్‌కీ మెత్తటి వైరుకీ అతుకు పడే చోట్ల. పిన్ను దగ్గర, రెండు పాయలుగా చీలే చోట, ఇయర్‌ఫోన్ మెడ దగ్గర. వాడే పద్ధతే దానికి కారణం. పాట అయిపోగానే వైరుని ఫోన్ చుట్టూ బిగించి చుడతారు. తీసేటప్పుడు పిన్ను పట్టుకోకుండా వైరు పట్టుకుని లాగుతారు. పిన్ను ఫోన్‌కి ఉండగానే జేబులో కుక్కుకుని బస్సెక్కుతారు. నాలుగు వేళ్ల మీద వదులుగా చుట్టి, పిన్ను దగ్గరి బెత్తెడు వైరుని మడతపడకుండా వదిలేస్తే అదే ఇయర్‌ఫోన్ ఇంకో రెండేళ్లు వస్తుంది.

తెగిన చోట బ్లేడుతో చీల్చి, మెలేసి, టేపు చుడితే సరిపోదా? సరిపోదు. లోపల ఉండేది కరెంటు వైరు లాంటిది కాదు. వెంట్రుకంత సన్నటి రాగి పోగులు, వాటి మీద రంగు లక్కపూత, చాలావాటిలో బలం కోసం మధ్యలో నూలు. ఆ పూత పోయేదాకా కాల్చో, గీకో సోల్డరింగ్ చేస్తేనే కరెంటు పారుతుంది. సాధారణంగా ఎర్రది కుడి చెవిది, ఆకుపచ్చదో నీలిదో ఎడమది, రాగి రంగులోది రెండింటికీ ఉమ్మడి. కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లోనో చేయి తిరిగినవాళ్లు కొత్త పిన్ను కోసి అతికించేస్తారు.

అన్నిటికీ అంత శ్రమ దండగ కూడా. పిన్ను దగ్గర తెగితే బాగు చేయించడం న్యాయం. ఇయర్‌ఫోన్ మెడ దగ్గర తెగితే, అదీ చవకరకమైతే, దాన్ని అతికే ప్రయత్నంలో స్పీకరు కూడా పోతుంది. కాస్త ఖరీదైన వాటిలో వైరు ఊడదీసి వేరేది తగిలించుకునే వీలుంటుంది. కొనేటప్పుడే ఆ ఒక్కటీ చూసుకుంటే వైరు తెగినా స్పీకర్లు మిగులుతాయి.

గాయకుడు మాయం

అమ్మ పాత ఫోన్‌తో వచ్చిన జత సంగతి విచిత్రం. కొత్త ఫోన్‌కి పెడితే తబలా ఉంది, వయొలిన్ ఉంది, గాయకుడు లేడు! పాడే గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. "వాయిద్యాల పాట అనుకుని వినేదాన్ని" అంది అమ్మ.

ఇది చెడిపోవడం కాదు, పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ కుదరకపోవడం. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్నుకి మూడు నల్ల గీతలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. ఎడమ, కుడి, ఉమ్మడి తీగ, మైకు. పాత ఫోన్లలో కొన్ని చివరి రెండింటినీ తారుమారుగా పెట్టేవి. అలాంటి జతని ఇప్పటి ఫోన్‌కి పెడితే ఉమ్మడి తీగకి దారి దొరకదు. అప్పుడు కుడి, ఎడమల మధ్య తేడా ఏదైతే ఉందో అదే వినిపిస్తుంది. పాటలో గొంతుని రెండు పక్కలా సమానంగా పెడతారు కాబట్టి అది ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. పరీక్ష తేలిక. మైకు దగ్గరి బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే గాయకుడు తిరిగొస్తాడు, వదిలితే వెళ్లిపోతాడు. పిన్ను సగమే దిగినా ఇదే తంతు జరుగుతుంది కాబట్టి ముందు అది చూసుకోవాలి. తీగల్ని తిరగేసి కలిపే చిన్న ముక్క ఒకటి తగిలిస్తే ఈ జత మళ్లీ పాడుతుంది.

జాలీ మీద గుబిలి

వైర్లు లేనివాటి దగ్గర తాతయ్య కాస్త తటపటాయించారు. డబ్బా తెరిచి చూసి మొహం చిట్లించారు. కుడివైపు దాని జాలీ కనిపిస్తేగా! గోధుమరంగు పొర కప్పేసింది. గుబిలి. చెవిలోపలికి దోపుకునే ఇయర్‌ఫోన్లు ఏవైనా, వైరున్నా లేకున్నా, శబ్దం తగ్గిపోయిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. సన్నటి ఆ జాలీ రంధ్రాలు సగం పూడితే సగం పాటే వస్తుంది. అదీ రెండు పక్కలా సమానంగా పూడదు కాబట్టి ఒక పక్క పోయిందనిపిస్తుంది.

శుభ్రం చేయడానికి ఓ పద్ధతుంది. ముందు రబ్బరు టిప్పులు ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉండగా తగిలిస్తే ఆ తడి చెవిలోకీ, స్పీకర్లోకీ పోతుంది. ఇయర్‌ఫోన్‌ని మాత్రం నీళ్లలో ముంచకూడదు. జాలీ నేలకేసి ఉండేలా పట్టుకుని, చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్షుతో, పొడిగా, కింది నుంచి తుడవాలి. అప్పుడు రాలింది కిందికి పడుతుంది. బ్రష్షుని పైన పెట్టి రుద్దితే రాలిందంతా లోపలికే పోతుంది. అందరూ చేసే తప్పు ఇక్కడే. పిన్నుతో పొడిస్తే జాలీ చిరుగుతుంది, దాని వెనకే ఉండే పల్చటి పొరకీ ముప్పే. నోటితో ఊదితే తుంపర వెళ్లి కూర్చుంటుంది. సెంటు, స్పిరిట్ లాంటివి జాలీ మీద పోస్తే గుబిలి కరిగి ఇంకా లోతుకి దిగుతుంది. రోజూ వాడేవాళ్లు వారానికోసారి పొడిబ్రష్షు ఆడిస్తే పొర కట్టే అవకాశమే ఉండదు. ఒకరివి ఒకరు పెట్టుకోవడం మానితే ఇంకా మంచిది. చెవి ఇన్ఫెక్షన్లు అలా కూడా చేతులు మారతాయి.

గుబిలి పోయింది. ఎడమది అసలు వెలగనే లేదు. చార్జింగే ఎక్కలేదు. డబ్బా గుంటలో రెండు మూడు చిన్న లోహపు చుక్కలుంటాయి, ఇయర్‌బడ్ కిందా ఉంటాయి. అవీ ఇవీ ఆనుకుంటేనే కరెంటు ఎక్కుతుంది. చెమట, నూనె, పౌడరు కలిసి వాటి మీద మరక కడుతుంది. చెవిపుల్ల దూదితో పొడిగా తుడిస్తే చాలావరకు వదులుతుంది. వదలకపోతే దూదికి స్పిరిట్ తడి అంటీ అంటనట్టు చేసి తుడిచి, ఆరాక పెట్టాలి.

ఇక్కడితో కథ అయిపోలేదు. చార్జింగ్ ఎక్కిన ఎడమది వెళ్లి చెల్లెలి ఫోన్‌ని పట్టుకుంది. కుడిది అన్న ఫోన్‌తో కలిసింది. ఇద్దరూ ఒకే జత వాడుకున్న ఫలితం! ఇలాంటప్పుడు ఇంట్లో అన్ని ఫోన్ల బ్లూటూత్ జాబితాల్లోంచీ దాని పేరు తీసేసి, రెండు బడ్సూ డబ్బాలో పెట్టి, డబ్బా మీది బొత్తాన్ని పుస్తకంలో చెప్పినంత సేపు నొక్కిపట్టి, మొదట్నుంచీ కలపాలి. ఒక పక్కే పనిచేస్తోందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే. ఆ చిన్న పుస్తకాన్ని మాత్రం కొన్న రోజే చెత్తబుట్టలో వేస్తారు.

తుడిచినా, కలిపినా అరగంటకే చచ్చిపోతుంటే మాత్రం అది బ్యాటరీ ముసలితనం. ఫోన్ బ్యాటరీ 5000 మిల్లీయాంపియర్-అవర్లుంటే, ఇయర్‌బడ్‌లో ఉండేది సుమారు 30 నుంచి 60. అంత చిన్నదాన్ని రోజూ ఖాళీ చేసి నింపుతుంటే రెండు మూడేళ్లకే నీరసపడుతుంది. చాలావాటిని జిగురుతో మూసేస్తారు కాబట్టి రిపేరు షాపులూ చేతులెత్తేస్తాయి. అమ్మేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

వానలో తడిస్తే? పెట్టె మీద ఐపీఎక్స్4 అని రాసి ఉందంటే తుంపర తట్టుకుంటుందని అర్థం. బకెట్లో పడినా ఫరవాలేదని కాదు. పైగా ఆ అభయం చాలాసార్లు బడ్స్‌కే, డబ్బాకి కాదు. తడిసిన బడ్స్‌ని తుడవకుండా డబ్బాలో పెట్టి చార్జింగ్ ఎక్కించడం చేజేతులా చంపుకోవడమే. గుడ్డతో అద్ది, జాలీ కిందికి ఉండేలా ఫ్యాను గాలికి ఓ రాత్రంతా వదిలేయాలి. బియ్యం డబ్బాలో పాతిపెట్టే చిట్కాని ఐఫోన్ల విషయంలో ఆపిల్ సంస్థే 2024లో వద్దంది. బియ్యపు పిండి లోపలికి పోయి ఇంకో తలనొప్పి.

గట్టిగా పెడితే కాదు, సరిగ్గా పెడితే

"నావి బాగానే ఉన్నాయి కానీ డబ్బుడబ్బుమనడం లేదు" అని చెల్లెలి ఫిర్యాదు. ఇది రబ్బరు టిప్పుల విషయం. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజులు మూడు జతలిస్తారు. చాలామంది తగిలించి ఉన్నదాన్నే జీవితాంతం వాడేస్తారు. చెవి గుండ్రానికి అది సరిపోక సందు మిగిలితే బరువైన శబ్దాలన్నీ ఆ సందులోంచి జారిపోతాయి. వేలితో కాస్త లోపలికి అదిమినప్పుడు డోలు దెబ్బ తెలిస్తే, పక్క సైజు వేసి చూడాల్సిందే. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలనేం లేదు.

సందు ఉంటే ఇంకో చిక్కుంది. బయటి రొద లోపలికొస్తుంది. మెట్రోలో, బస్సులో ఆ రొదని మించాలని శబ్దం పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. 100 అయితే వారం మొత్తానికి 20 నిమిషాలు! పిల్లలకి పరిమితి ఇంకా తక్కువ. టిప్పు సరిగ్గా కూర్చుంటే సగం శబ్దంలోనే పాట నిండుగా ఉంటుంది.

మిగిలిన జత

పదకొండయ్యేసరికి సొరుగు దాదాపు ఖాళీ. తల్లి అప్పుడు గుర్తుచేసింది. "మామయ్యా, మీవి కూడా ఏదో తేడాగా ఉన్నాయన్నారుగా?"

తాతయ్య జేబులోంచి తన ఇయర్‌ఫోన్లు తీశారు. రోజూ పొద్దున్నే బాల్కనీలో కూర్చుని ఘంటసాల పాటలు వినడం ఆయన అలవాటు. శుక్రవారం నుంచి కుడి పక్క పోయిందట. "ఏదో గుయ్యిమంటోంది. పాతబడిపోయింది, వదిలెయ్" అన్నారు తేలిగ్గా.

మనవడు ఇప్పుడు ఆరితేరాడు. ముందు ఫోను మార్చాడు. అదే తీరు. జాలీలు చూశాడు, శుభ్రంగా ఉన్నాయి. వైరు వంచాడు, ఏమీ లేదు. టిప్పు మార్చాడు. ఊహూఁ. చివరికి తన చెవుల్లో పెట్టుకున్నాడు.

"తాతయ్యా, నాకు రెండూ వినిపిస్తున్నాయే!"

"ఏదీ, తిప్పి పెట్టు."

ఎడమది కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో. ఇయర్‌ఫోన్‌లో లోపముంటే ఇప్పుడు ఎడమ చెవిలో పాట తగ్గాలి. తగ్గలేదు. ముందులాగే కుడి చెవిలోనే లేదు.

తాతయ్య ఓ నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "సామాను మార్చినా ఫాల్టు కదల్లేదురా. అంటే సామానుది కాదు."

ఒక చెవి మందగించిందంటే ఎక్కువసార్లు గుబిలి అడ్డమే కావచ్చు. ఇయర్‌ఫోన్లు రోజూ దోపడం వల్ల అది లోపలికి జరిగి గట్టిపడుతుంది. దాన్ని తీయాల్సింది డాక్టరే. చెవిపుల్ల, అగ్గిపుల్ల, తలపిన్ను, కాచిన నూనె, ఇవన్నీ ఉన్న అడ్డుని ఇంకా బిగిస్తాయి, లేదా కర్ణభేరికి గాయం చేస్తాయి. కానీ గుబిలే అని ఇంట్లో తీర్పు చెప్పేసుకోవడంలోనే ప్రమాదముంది. ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి వినికిడి పడిపోవడం లోపలి నరానికి సంబంధించింది కావచ్చు. నొప్పి ఉండదు. చెవి దిబ్బడేసినట్టు, గుయ్యిమన్నట్టు ఉంటుంది, కొందరికి తల తిరుగుతుంది. వైద్యులు దీన్ని ఆలస్యం చేయకూడని పరిస్థితిగా చూస్తారు. స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లోనే మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం మెరుగు. వారాలు గడిచేకొద్దీ అది సన్నగిల్లుతుంది. జలుబు చేసిందనో, ఇయర్‌ఫోన్ పాడైందనో అనుకుంటూ ఆ రోజులే పోగొట్టుకుంటారు చాలామంది.

హిందీ గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో తన సంగతి తానే బయటపెట్టారు. విమానం దిగి నడుస్తుంటే ఒక్కసారిగా ఏమీ వినిపించలేదని, వైరస్ దాడితో నరం దెబ్బతిని వినికిడి పోయినట్టు డాక్టర్లు తేల్చారని రాశారు. పెద్ద శబ్దంతో, హెడ్‌ఫోన్లతో జాగ్రత్తగా ఉండమని అభిమానులకీ, తోటివాళ్లకీ చెప్పారు కూడా.

తాతయ్యకి ఆ ఆదివారం మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. "రేపు పొద్దున్న ఓపీ తెరవకముందే అక్కడుండాలి" అని తండ్రి తీర్మానించాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే కోఠి. ఇయర్‌ఫోన్ల రిపేరు గల్లీ ఉన్న కోఠిలోనే ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఉంది.

డాక్టర్ చెవిలోకి లైటు వేసి చూశారు. గుబిలి లేదు. శ్రుతిదండం మోగించి నుదుటి మీద ఆనించి, ఏ పక్క వినిపిస్తోందని అడిగారు. ఎడమ పక్కన్నారు తాతయ్య. దారికి అడ్డం పడితే శబ్దం జబ్బు చెవివైపే మొగ్గుతుంది, నరం దెబ్బతింటే మంచి చెవివైపు పోతుంది. డాక్టర్ ఇంకేమీ చెప్పకుండా వినికిడి పరీక్షకి చీటీ రాశారు.

శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, పరీక్ష చేసే అమ్మాయి పెద్ద హెడ్‌ఫోను తెచ్చింది. ఎర్రది కుడి చెవికి, నీలిది ఎడమకి. వైర్ల రంగులే! శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమంది. ఎడమవైపు చెయ్యి లేస్తూనే ఉంది. కుడివైపు వచ్చేసరికి చాలాసేపు ఒళ్లోనే ఉండిపోయింది.

పరీక్ష అయ్యాక తాతయ్య అడిగారు. "అమ్మా, ఒకసారి ఎర్రది ఎడమ చెవికి పెట్టి చూస్తావా?"

"మిషను మంచిదేనండీ. రోజూ పొద్దున్నే మేం మా చెవులకి పెట్టుకుని చూశాకే మొదలుపెడతాం" అని నవ్విందా అమ్మాయి.

మందులు ఆరోజే మొదలయ్యాయి. షుగరుంది కాబట్టి రోజూ చూపించుకోమన్నారు. రెండు వారాలకి మళ్లీ పరీక్ష చేస్తే కాగితం మీద కుడి చెవి గీత కొంత పైకి లేచింది. కొంతే. మొదటిరోజు కాగితాన్నీ, దాన్నీ పక్కపక్కన పెట్టి మనవడు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.